గీతల సంతోషకుమారి

పర్చూరు మిషన్ కాంపౌండు వెనక వీధిలో ఉండే సంతోషకుమారి ఒకసారి సూర్యుణ్ణి ఆర్పేసింది.

సరే, ఆర్పేసింది అనడం కొంచెం ఎక్కువే. జరిగిందేమిటంటే, మార్చి నెలలో ఒక మిట్టమధ్యాహ్నం ఆవిడ వాకిట్లోకి వచ్చి, చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని పైకి చూసి, "ఇంత ఎండ ఎవరు వాడుతున్నారు?" అని గట్టిగా అడిగింది. ఎవరూ పలకలేదు. ఆ ఎండలో వీధిలో ఎవరుంటారు పలకడానికి? పావుగంటలో మబ్బు పట్టింది. అరగంటలో చినుకు పడింది. కల్లాల్లో మిరపకాయలు ఆరబోసుకున్న రైతులు పట్టాలు పట్టుకుని పరుగో పరుగు. మబ్బుకీ ఆవిడకీ సంబంధం లేదని చదువుకున్నవాళ్ళు అంటారు, అననివ్వండి. ఆ తర్వాత మూడు రోజులపాటు ఆవిడ ఎదురుపడితే చాలు, రైతులు "అమ్మా, ఎండ మేం వాడుకుంటున్నాం, మేం వాడుకుంటున్నాం" అని ముందే చెప్పి మరీ దాటుకుపోయారన్నది మాత్రం నిఖార్సయిన నిజం.

ఆవిడ తీరే అంత. ఫ్యాను కానివ్వండి, కుళాయి కానివ్వండి, టీవీ కానివ్వండి, నడుస్తున్నదేదైనా సరే, దాన్ని వాడుకునేవాళ్ళెవరో తేలకపోతే ఆవిడకు ఊపిరాడదు. "ఇదెవరు వాడుతున్నారు?" అంటుంది. "నేను" అని ఎవరో ఒకరు అనాలి. అనకపోతే టక్కున ఆపేస్తుంది. పిసినారితనం అనుకునేరు. ఆ ఇంట్లో భోజనానికి కూర్చున్నవాడు మూడోసారి కోడికూర వద్దంటే ఆవిడకు కోపం వస్తుంది. ఖర్చు సంగతి కాదు, ఊరికే తిరిగే వస్తువును చూస్తే ఆవిడ ప్రాణం కొట్టుకుంటుంది, అంతే.

ఈ సంగతి ఆవిడ భర్త ప్రకాష్‌కు పెళ్ళిలోనే తెలిసింది. ప్రకాష్‌ది వినుకొండ. హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెబుతాడు. నోట్లో నాలుక లేని మనిషి. చర్చిలో అయ్యగారు ఆశీర్వాద ప్రార్థన మొదలుపెట్టి అందరూ కళ్ళు మూసుకోగానే పెళ్ళికూతురు ఒక కన్ను తెరిచి, ఫోటోగ్రాఫరు పెద్దలైటు వంక చూసి, "ఇదెవరు వాడుతున్నారు?" అంది. ఫోటోగ్రాఫరు కూడా భక్తిపరుడే, వాడూ కళ్ళు మూసుకున్నాడు. పలకలేదు. అందుకే ప్రకాష్ పెళ్ళి ఆల్బములో సగం ఫోటోలు చీకట్లో ఉంటాయి. వాటిలో ప్రకాష్ ఎక్కడున్నాడో పళ్ళను బట్టి పోల్చుకోవాలి.

ఆవిడ చేసే ఉద్యోగం కూడా అలాంటిదే దొరికింది. బెంగుళూరు కంపెనీ ఒకదానికి ఇంట్లోంచే పని. వీధివైపు కిటికీ ముందు బల్ల, బల్ల మీద రెండు తెరలు, చుట్టూ వైర్లు వేలాడే చిన్న చిన్న బోర్డులు. "మీ ఆవిడ ఏం చేస్తుందండీ?" అని అడిగినవాళ్ళకు ప్రకాష్ మొదట్లో "కంప్యూటర్లలో గడియారాలు చూసుకుంటుందండి" అని చెప్పాడు. మర్నాడే ఎదురింటి కోటిరత్నం గోడగడియారం చంకలో పెట్టుకుని దిగింది.

"సంతోషమ్మా, ఇది ఆగిపోయిందే. మా అత్తగారు పోయిన కాడ్నుంచీ పదీ పదే చూపిస్తంది."

"పిన్నీ, నేను చూసేది ఈ గడియారాలు కాదు."

"గడియారాల్లో కూడా కులాలా అమ్మా? చూడు ఒకసారి."

సంతోషకుమారి కుర్చీ వేసి కూర్చోబెట్టింది. "బాబాయి పనిచేసిన పత్తి మిల్లు గుర్తుందా? ఒక పెద్ద ఇరుసు తిరుగుతుంటుంది. దాని మీంచి బెల్టులు వేస్తే గింజ తీసే జిన్నులు పాతిక ఆడతాయి. చిప్పులోనూ అంతే. చిప్పులో గడియారమంటే టైము చూపించేది కాదు, దరువు వేసేది. ఒక పెద్ద దరువు, దాన్నుంచి పుట్టిన చిన్న దరువులు మూడొందలు. బొమ్మకొకటి, మాటకొకటి, కెమెరాకొకటి. దరువు పడితేనే ఆ ముక్క కదుల్తుంది. పడకపోతే ఎక్కడిదక్కడే నిలబడిపోతుంది."

"ఊఁ."

"పత్తి లేని జిన్నుకి బెల్టు తీసెయ్యాలా వద్దా?"

"తియ్యకపోతే కరెంటు దండగ కదంటే!"

"అన్ని జిన్నులూ ఆగితే ఇరుసే ఆపెయ్యాలి. కానీ ఒక్క జిన్ను ఆడుతున్నా ఇరుసు జోలికి పోకూడదు. ఎవరికి బెల్టు వెయ్యాలి, ఎవరికి తియ్యాలి అని చూసుకునే పెద్దమేస్త్రీ ఒకడుంటాడు లోపల. వాణ్ణి కెర్నెల్ అంటారు. ఎంతమంది వాడుతున్నారో లెక్కపెట్టుకోవడం వాడికి నేర్పేది నేను."

కోటిరత్నం గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కాసేపు ఆలోచించింది. "అంతా అర్థమైందిలే గానీ, బ్యాటరీ ఎప్పుడు మారుస్తావు?"

మార్చింది. అది తిరిగింది. అప్పటినుంచీ ఆ వీధిలో ఆగిపోయిన గడియారమల్లా ఆవిడ బల్ల మీదికే వస్తుంది.

మేస్త్రీకి నేర్పిన లెక్కను ఆవిడ అక్కడితో వదల్లేదు, ఇంటికి కూడా తెచ్చింది. ప్రతి స్విచ్చు పక్కనా గోడ మీద చాక్‌పీసుతో గీతలు. గదిలోకి వచ్చినవాళ్ళు ఫ్యాను పక్కన ఒక గీత గీయాలి. వెళ్ళేటప్పుడు ఒక గీత చెరపాలి. గీతలు లేకపోతే ఫ్యాను ఆగుతుంది. ఒక్క గీత ఉన్నా ఎవరూ ఆ స్విచ్చు ముట్టుకోకూడదు. అన్నిటికన్నా పెద్ద చట్టం ఇంకొకటి: ఎవరి గీత వాళ్ళే చెరపాలి, ఇంకొకరి గీత మీద చెయ్యి వెయ్యకూడదు. ప్రకాష్ జేబులో పెన్ను ఉన్నా లేకపోయినా చాక్‌పీసు ముక్క ఉండి తీరాలి. స్నానానికి వెళ్ళేవాడు తువ్వాలు మరిచిపోవచ్చు, గీత మరిచిపోకూడదు. ఒకసారి హడావుడిలో ప్రకాష్ ఒకటికి రెండు గీతలు చెరిపేశాడు. ఆ రెండోది గదిలో పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్న తోటి మాస్టారు గారిది. ఫ్యాను ఆగిపోయింది. ఆ వేడికి ఆ మాస్టారు పదిహేడుమంది పిల్లల్ని అన్యాయంగా ఫెయిలు చేశాడని స్కూల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ప్రకాష్ తల్లి రాజ్యం వినుకొండ నుంచి వచ్చి పది రోజులు ఉన్నప్పుడు ఇంకో ముచ్చట జరిగింది. ఆమెకు గీయడం సరదాగానే ఉండేది, చెరపడం గుర్తుండేది కాదు. ఆమె వెళ్ళిపోయిన మర్నాడు సంతోషకుమారి ఆ గదిలోకి వెళ్ళి చూస్తే గోడ మీద పదకొండు గీతలు, గిరగిరా తిరుగుతున్న ఫ్యాను, కింద ఒక్క మనిషి లేడు. ఆవిడ మంచం కింద కూడా చూసింది.

"ఏమండీ, ఈ గదిలో పదకొండుమంది ఉన్నారు."

"మా అమ్మ గీతలే సంతోషా. చెరిపెయ్."

"నేనెట్లా చెరుపుతాను? ఆవిడే చెరపాలి."

ఆ ఫ్యాను నాలుగు రోజులు ఆగకుండా తిరిగింది. అయిదో రోజు రాజ్యం వినుకొండలో బస్సెక్కి వచ్చి, పదకొండు గీతలూ చెరిపి, కాఫీ తాగి, అదే బస్సులో తిరిగి వెళ్ళింది. బస్సెక్కి రావడం అబద్ధమనేవాళ్ళున్నారు. వీడియోకాల్లో "నా బదులు నువ్వు చెరుపు తల్లీ, దేవుడి సాక్షిగా చెబుతున్నా, నేనిక ఆ ఫ్యాను వాడను" అని ప్రమాణం చేసిందంటారు. ఏదైతేనేం, చట్టం నిలబడింది.

చర్చిలో సంగతి మరీ పసందు. ప్రసంగం నలభయ్యో నిమిషంలోకి వచ్చేసరికి మగవాళ్ళ వైపు వెనక బెంచీలు నిద్రలోకి జారుకున్నాయి. సంతోషకుమారి లేచి స్విచ్చుబోర్డు దగ్గరికి నడిచి, "ఈ మూడు ఫ్యాన్లూ ఎవరు వాడుతున్నారు?" అని మెల్లగా అడిగింది. గురక తప్ప సమాధానం లేదు. టక్, టక్, టక్. రెండు నిమిషాల్లో బెంచీలకు బెంచీలే లేచి కూర్చున్నాయి. ముప్ఫై ఏళ్ళ సేవలో సంఘం మొత్తం మేలుకుని ఉండగా ప్రసంగం ముగించడం అయ్యగారికి అదే మొదలు. ఆరాధన కాగానే ఆయన ఆవిణ్ణి పక్కకు పిలిచి, "అమ్మా, ప్రతి ఆదివారం ఒకసారి అడుగుతూ ఉండు" అన్నాడు.

ఇన్ని కష్టాలు పడుతున్న ప్రకాష్‌కు పన్నెండేళ్ళ తర్వాత ఒక ఆశ చిగురించింది.

వీధివైపు ప్రహరీ గోడకు లోపలివైపున ఒక బూడిదరంగు పెట్టె వెలిసింది. నాలుగు అగ్గిపెట్టెలు పేర్చినంత ఉంటుంది. పొద్దున ఆరింటికి మొదలుపెట్టి ఏడున్నర దాకా "టిక్కు... టిక్కు... టిక్కు" అని మోగుతుంది. బొమ్మ లేదు, పాట లేదు, లైటు లేదు. ఒట్టి టిక్కు. దాని పక్కన గోడ మీద ఒకే ఒక్క గీత. వానకు తడవకుండా ఆ గీతకు పాలిథీన్ కవరు కూడా అంటించి ఉంది.

ప్రకాష్ లోపలికి నడిచాడు. పన్నెండేళ్ళుగా తాను వింటున్న మాట తన నోట్లోంచి వచ్చే రోజు వచ్చింది.

"సంతోషా, ఇదెవరు వాడుతున్నారు?"

"వాడేవాళ్ళున్నారు."

"నేను వాడట్లేదు, నువ్వు వాడట్లేదు. మరెవరు?"

"గీత ఉందిగా అండీ."

"ఎవరూ వాడట్లేదని తేలితే?"

ఆవిడ తెరల మీంచి తలెత్తి ఆయన వంక చూసింది. "తేలితే ఇంట్లో గీతలన్నీ నేనే తుడిచేస్తా. స్విచ్చులు మీ ఇష్టం."

ఆ మాటతో ప్రకాష్‌కు కొత్త ఊపిరి వచ్చింది. వారం రోజులు ఆరింటికే లేచి అరుగు మీద కాపు కాశాడు. కోటిరత్నం పాలక్యానుతో వెళ్ళింది, పెట్టె వంక చూడలేదు. అమానుల్లా ఆటోలో ట్యూషన్ పిల్లల్ని ఎక్కించుకుని పోయాడు, చూడలేదు. ఒక పిల్లి గోడ మీద నడిచి పోయింది. దాన్ని కూడా ప్రకాష్ అనుమానించాడు గానీ అది మర్నాడు వేరే గోడ మీద పోయింది.

ఆ పెట్టె గురించి నోరు విప్పిన మనిషి ఒక్కరే, వెంకయ్య మాస్టారు. మిషన్ స్కూల్లో ముప్ఫై నాలుగేళ్ళు డ్రిల్లు చెప్పి రిటైరైన మనిషి. డెబ్భై ఆరేళ్ళు. తెల్ల క్యాన్వాసు బూట్లు, ఇస్త్రీ నిక్కరు, వెన్ను చూస్తే స్కేలు పెట్టి గీసినట్టు. పొద్దున ఆరున్నరకు ఇంట్లోంచి బయల్దేరి, వీధి చివర మస్తాన్‌బీ టీకొట్టు దాకా నడిచి, అక్కడ పాత మిత్రులతో పోట్లాడి, తిరిగి వస్తాడు. మొన్నమొన్నటి దాకా దారిలో అక్కడక్కడా ఆగి నిలబడేవాడు. "ఏం మాస్టారూ, ఆగారు?" అంటే "ఆకాశం చూస్తున్నానోయ్" అనేవాడు. రిటైరయ్యాక మనిషికి తత్త్వం పట్టిందని వీధిలో గౌరవం కూడా పెరిగింది. ఈ మధ్య ఆకాశం చూడటం మానేశాడు. టకటకా నడిచి పోతున్నాడు. పోతూ పోతూ ప్రకాష్ గేటు ముందు గొంతు పెంచుతాడు.

"ఏం అల్లుడూ! పొద్దున్నే ఏంటయ్యా ఈ గోల? మీ ఆవిడకి చెప్పి ఆపించు! ఆ పిల్లకి చిన్నప్పుడూ స్టెప్పు వచ్చేది కాదు. లెఫ్టంటే రైటు వేసేది. ఇప్పుడు మాకు టిక్కుటిక్కులు!"

"చెబుతానండి మాస్టారూ."

అలా వారంలో ఏడుసార్లు. ప్రకాష్ లెక్క తేల్చుకున్నాడు: వాడేవాళ్ళు సున్నా, విసుక్కునేవాళ్ళు ఒకరు.

బుధవారం నాడు సంతోషకుమారి గుంటూరులో ఒక ఇంజినీరింగు కాలేజీ పిల్లలకు పాఠం చెప్పాలని తెల్లారే బస్సెక్కింది. ఆవిడ బస్సు పర్చూరు పొలిమేర దాటగానే ప్రకాష్ తడిగుడ్డ పట్టుకుని గోడ దగ్గరికి వచ్చాడు. ప్లగ్గు పీకాడు. పాలిథీన్ కవరు తీసి, ఇంకొకరి గీత మీద చెయ్యి వెయ్యకూడదన్న చట్టాన్ని జీవితంలో మొదటిసారి తెలిసి తెలిసి ఉల్లంఘించి, ఆ గీతను తుడిచేశాడు. తర్వాత ఇంట్లోకి వెళ్ళి గీత గీయకుండా మూడు గదుల్లో మూడు ఫ్యాన్లు వేసి, ఎందులోనూ కూర్చోకుండా మధ్యలో నిలబడి కాఫీ తాగాడు. స్వాతంత్ర్యం అంటే ఏమిటో పిల్లలకు పదిహేనేళ్ళుగా చెబుతున్నాడు గానీ, దాని రుచి ఆయనకు తెలిసింది ఆ పూటే.

సగం గ్లాసు అయిందో లేదో, వీధిలో హారన్లు.

బయటికి వచ్చి చూస్తే, గేటుకు నాలుగు అడుగుల అవతల, వీధి నడిమధ్యలో వెంకయ్య మాస్టారు నిలబడి ఉన్నాడు. కుడికాలు కొంచెం ముందుకి, చేతులు బిగించి, మొహం సూటిగా. కూడలిలో విగ్రహం కూడా అంత కదలకుండా నిలబడదు. వెనక మిర్చి బస్తాలు కొండలా వేసుకున్న ట్రాక్టరు. దాని మీద డ్రైవరు కోటేష్. ఎదురుగా పిల్లలతో అమానుల్లా ఆటో. అటూ ఇటూ ప్రహరీ గోడలే, పక్కకు తప్పుకునే సందు లేదు.

"మాస్టారూ, కాస్త జరగండి!" కోటేష్ అరిచాడు. "యార్డుకి పోవాలి!"

"నేనెందుకు జరగాలిరా? నువ్వే ఆగు!"

"ఆగే ఉన్నా గదండీ! మీరు నడవండి!"

"ట్రాఫిక్కు చూస్తున్నా!" అని మాస్టారు కుడిచెయ్యి పైకెత్తి ట్రాక్టరుని ఆపాడు, ఎడమచెయ్యి చాపి ఆటోని రమ్మన్నాడు.

"ఎక్కడికి రమ్మంటారు సార్, మీ మీదకా?" అన్నాడు అమానుల్లా.

"అయితే నువ్వూ ఆగు!"

పాలక్యాను దించి నడుం మీద చెయ్యి పెట్టుకుంది కోటిరత్నం. "మాస్టారికి పొద్దున్నే ఏమైందో ఏమో. ఆకాశం కూడా చూట్టంలేదు."

ప్రకాష్ పరుగున వెళ్ళాడు. దగ్గరికి పోయాక చూస్తే మాస్టారి నుదుటి మీద చెమట. నిక్కరు కింద మోకాళ్ళు సన్నగా వణుకుతున్నాయి.

"ఏమైంది మాస్టారూ?"

మాస్టారు పెదాలు కదపకుండా అడిగాడు. "అల్లుడూ, ఆ శబ్దం ఏది?"

"ఆపేశానండి. మీరే కదా రోజూ చిరాకంటున్నారు..."

మాస్టారు ఆయన వంక చూసిన చూపు ప్రకాష్ జన్మలో మరిచిపోడు. డ్రిల్లు మాస్టారి కళ్ళల్లో అలాంటి చూపు ఉంటుందని ఎవరూ అనుకోరు.

"కాళ్ళు రావట్లేదురా," అన్నాడు మెల్లగా. "ఏడాదైంది. ఎక్కడ పడితే అక్కడ అతుక్కుపోతున్నాయి. ఆ టిక్కు వినపడితే వస్తున్నాయి. ఈ సంగతి మా కోడలికి తెలిసిందా, ఇక నన్ను గుమ్మం దాటనివ్వదు. ఏదో ఒకటి చెయ్యి."

ప్రకాష్ పెట్టె దగ్గరికి పరిగెత్తి ప్లగ్గు పెట్టాడు. పెట్టె మేలుకుంది గానీ మోగలేదు. ఆరింటికి మొదలవ్వాలని దానికి చెప్పి ఉంది. ఆరు దాటిపోయింది కనక మళ్ళీ రేపే. ఫోను తీశాడు.

"సంతోషా... ఆ పెట్టె..."

"ఆపేశారా?"

"ఆపేశాను."

తిడుతుందనుకున్నాడు. ఆవిడ అడిగింది ఒకటే. "మాస్టారు ఎక్కడున్నారు?"

"మన గేటు ముందే. నడివీధిలో."

"వంటింట్లోంచి పళ్ళెం, గరిటె తీసుకోండి. నిమిషానికి ఎనభై ఎనిమిది కొట్టండి. ఫోను స్పీకరులో పెట్టి జేబులో వేసుకోండి. ఆయన్ని ఏమీ అడగొద్దు."

ప్రకాష్ పళ్ళెం తెచ్చాడు. కంగారులో గరిటె వెతుక్కోలేక అట్లకాడ పట్టుకొచ్చాడు. టంగు టంగు టంగు టంగు అని వాయించాడు. మాస్టారి కుడికాలు విడిపడింది, ఎడమకాలు లేచింది, అంతే, ఆయన పలుపు విప్పిన కోడెదూడలా దౌడు తీశాడు.

"నెమ్మదిగా కొట్టవోయ్!" మాస్టారు పరిగెత్తుతూనే అరిచాడు. "నేనేం పరుగుపందెంలో ఉన్నానా!"

జేబులోంచి సంతోషకుమారి కేక. "నూట ముప్ఫై కొడుతున్నారు! తగ్గించండి! ఎనభై ఎనిమిది! ఎనభై ఎనిమిది!"

అక్కడ బస్సులో కండక్టరు, "అమ్మా, ఈ బస్సులో అన్ని సీట్లు ఉండవు" అంటున్నాడు.

"ఎనభై ఎనిమిదంటే ఎంతో నాకెట్లా తెలుస్తుంది!" ప్రకాష్ గొంతు ఏడుపులోకి దిగింది.

"మీరు స్కూలు నుంచి ఇంటికొచ్చేటప్పుడు చెప్పులు ఎట్లా చప్పుడవుతాయో అట్లా కొట్టండి. మీ నడక సరిగ్గా ఎనభై ఎనిమిది. పన్నెండేళ్ళుగా వింటున్నా."

ప్రకాష్‌కు ఆ మాట చెవినపడి గుండెలోకి పోవడానికి ఒక క్షణం పట్టింది. తర్వాత ఇక ఆలోచించలేదు. చెప్పులు చప్పుడు చేస్తూ తన నడక తాను నడిచాడు, దానికి తగ్గట్టు పళ్ళెం కొట్టాడు. టంగు... టంగు... టంగు. మాస్టారి దౌడు నడకలోకి వచ్చింది. వెన్ను నిటారుగా అయింది. మాస్టారు ఆటో ముందు దాకా వచ్చి, ఇక దారి లేక అక్కడే అడుగులు వేస్తూ నిలబడ్డాడు.

వీధి మొత్తం వాళ్ళిద్దరినే చూస్తోంది. ఒకడు పళ్ళెం కొట్టుకుంటూ, ఇంకొకాయన ఉన్నచోటే కాళ్ళెత్తుతూ. ఎవరో ఒకరు నోరు తెరిచి "ఏమైందండీ?" అని అడగబోతున్నారు. ప్రకాష్‌కు ఇంకేం తోచక గట్టిగా అరిచాడు. "లెఫ్ట్! రైట్! లెఫ్ట్!"

ట్రాక్టరు ఇంజను ఆగింది. కోటేష్ కిందికి దూకాడు. వాడూ మాస్టారి పాత విద్యార్థే. ఏమర్థమైందో ఏమో, ఏమీ అడగలేదు. వచ్చి మాస్టారి వెనక నిలబడి చేతులూపుతూ కాళ్ళెత్తాడు. అమానుల్లా ఆటోను అంగుళం అంగుళం వెనక్కి నడిపి కోటిరత్నం వాకిట్లోకి ఎక్కించి, పిల్లల్ని దింపి వరసలో నిలబెట్టాడు. కోటిరత్నం, "ఒలింపిక్సు మన వీధికే వచ్చిందా ఏంది!" అని పాలక్యాను నెత్తికెత్తుకుని చివర చేరింది. ముందు పళ్ళెం, వెనక మాస్టారు, ఆ వెనక ఊరేగింపు, టీకొట్టు దాకా.

"స్టెప్పు తప్పుతోంది కోటేషూ!" మాస్టారు తల తిప్పకుండానే గద్దించాడు.

"సారీ సార్!"

మస్తాన్‌బీ టీ గిన్నె దించి, "ఇవాళ జెండా పండగా ఏమిటండీ?" అంది.

"క్రమశిక్షణ!" అన్నాడు మాస్టారు బెంచీ మీద కూర్చుంటూ. "మనుషుల్లో తగ్గిపోయింది. నెలకోసారి ఇలా తిప్పాలి."

సాయంత్రం సంతోషకుమారి వచ్చేసరికి ఇంట్లో అన్ని ఫ్యాన్లూ ఆగి ఉన్నాయి. ప్రకాష్ గోడ దగ్గర చాక్‌పీసు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఎవరి గీత వాళ్ళే గీయాలంటావు కదా. ఈ గీత మాస్టారు గీయలేదు. నువ్వే గీశావు. చట్టం ఏమైంది?"

"అడగలేనివాళ్ళ తరఫున ఎవరో ఒకరు గీయాలి కదండీ." ఆవిడ చెప్పులు విడిచి అరుగు మీద కూర్చుంది. "మా చిప్పుల్లోనూ ఉంటాయి అలాంటివి. దరువు వాడుకుంటాయి, వాడుకుంటున్నామని చెప్పవు. ఎవరూ అడగట్లేదు కదా అని ఆపేస్తే మిషను అక్కడికక్కడే నిలబడిపోతుంది. అప్పుడు తెలుస్తుంది, పాపం ఇది బతుకుతున్నది దీని మీదే అని. ఈ ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను అట్లా ఒక మిషన్ని చంపాను."

"మాస్టారి సంగతి నీకెట్లా తెలిసింది?"

"కిటికీలోంచి. గంటసేపు ఆకాశం చూసేవారు. నేనూ పైకి చూశా, అక్కడేమీ లేదు. ఒకరోజు పెళ్ళి డప్పులు వీధిలోంచి పోతుంటే ఆయన కాళ్ళు వాటంతటవే కదిలాయి. మొదట్లో తొంభై ఆరు పెట్టా. తర్వాత తొంభై రెండు. ఇప్పుడు ఎనభై ఎనిమిది. ఆయనకి తెలియకుండా తగ్గిస్తూ వస్తున్నా." మాస్టారి ఇంటివైపు చూసి అంది. "తెలియదనే అనుకుంటున్నా."

ప్రకాష్ గోడ మీద మళ్ళీ ఒక గీత గీశాడు. చెయ్యి తిరగక వంకరగా వచ్చింది. పందెం సంగతి ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

మర్నాడు ఆరున్నరకు తెల్లబూట్లు వీధిలోకి వచ్చాయి. గేటు ముందు గొంతు లేచింది. "ఏం అల్లుడూ, ఇంకా ఆపించలేదా ఈ గోల!"

"రేపు తప్పకుండా చెబుతానండి మాస్టారూ," అన్నాడు ప్రకాష్. పెట్టె చప్పుడు ఇంకొంచెం పెంచాడు.

ఇదంతా రాసి, ఒక్క అక్షరం కూడా వదలకుండా సంతోషకుమారికి చదివి వినిపించడం జరిగింది. ఆవిడ ఓపిగ్గా ఆఖరిదాకా విన్నది.

"మొత్తం అబద్ధం. ఆ పెట్టె పావురాల్ని తోలడానికి పెట్టింది. మాస్టారి కాళ్ళు నా కాళ్ళకన్నా గట్టివి. ఆ బుధవారం నేను అసలు బస్సే ఎక్కలేదు. మా ఆయన నడక ఎనభై ఎనిమిదో ఎనభై తొమ్మిదో నాకేం తెలుసు? అయినా గోడ గోడ అని అన్నిసార్లు రాశారు, మా ఇంటికి ప్రహరీ గోడే లేదు" అంది, ఆ గోడకు వీపు ఆనించి నిలబడి.